బంతిలో ముందు లేచేదెవరు?

నరసప్పసామిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఈ సంగతి మఠానికి వచ్చేపోయే వాళ్ళందరికీ తెలుసు. దేవుడున్నాడా అని అడిగిన ఒకాయన రెండు బస్తాల వేరుశనక్కాయలు ఒలిచి వెళ్ళాడు. కోపం తగ్గేదెట్లా అని అడిగిన ఇంకొకాయన చిక్కుపడిన చేదతాడు ముందు పెట్టుకుని మూడు రోజులు విప్పాడు. నాలుగో రోజు కత్తి అడిగి తీసుకుని తాడు తెగ్గోసి ఇంటికి పోయాడు. సామి కొత్త తాడు తెప్పించుకున్నారు. ఆయన ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. కుందూ నది ఒడ్డున ఉన్న ఆ మఠం ఆయన గురువు కట్టించింది. రేకుల పంచ, ఒక వంటిల్లు, మూడు వేపచెట్లు తప్ప అక్కడ చూడ్డానికేమీ లేదు. నేను పోస్టాఫీసులో రిటైరైన నాటి నుంచి అక్కడ చారు వడ్డిస్తున్నాను. ఏ ప్రశ్న అడిగి ఈ పని తెచ్చుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు.

మఠం కట్టించిన పెద్దగురువు ఆరాధన ఆ ఏడు ఆదివారం పడింది. ఆ పొద్దున ఓబులేసు వచ్చాడు. పక్క టౌనులో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు అతను. నాలుగేళ్ళుగా మగపిల్లల హాస్టలుకు వార్డెను కూడా. మనసు మెత్తన, గొంతు పెద్దది. వార్డెను పనికి గొంతు చాలనుకుని మనసును ఇంట్లో పెట్టి వెళ్తుంటాడు. ఆ రోజు మొహం పీక్కుపోయి ఉంది. సామి కాళ్ళకు మొక్కి, పైకి లేవకుండానే అడిగాడు.

“సామీ, పిల్లోళ్ళ చేతిలోనుంచి ఈ ఫోన్లు దింపేదెట్లా?”

సామి చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. చెప్పమన్నట్టు తల ఊపారు. ఓబులేసు చెప్పుకొచ్చాడు. హాస్టల్లో అరవై నలుగురు పిల్లలు. రీల్సు, స్టేటస్‌లు, గ్రూపులు. రోజుకు ఆరేడు గంటలు అందులోనే. తిండి దగ్గర అదే, స్నానాల గది ముందు వరసలో అదే. మొదట ఇతను ఇనుప పెట్టె ఒకటి కొని, సాయంత్రం ఏడింటికి అందరి ఫోన్లూ అందులో వేయించి తాళం పెట్టాడు. పిల్లలు వినయంగా వచ్చి వేసిపోయారు. పది రోజుల తర్వాత చూసుకుంటే పెట్టె నిండా ఉన్నవి పనిచేయని పాత ఫోన్లు. బతికున్నవి వాళ్ళ దగ్గరే ఉన్నాయి. తర్వాత వైఫై కట్టేయించాడు. పిల్లలు పక్కనున్న కల్యాణమండపం వైఫై కోసం దాని ప్రహరీ మీదకు చేరారు. ఆ తర్వాత అందర్నీ కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం చెప్పాడు. “మీ బతుకు మీ బొటనవేలి కింద నలుగుతా ఉంది” అని ఒక మాట అన్నాడు. ఎవడో దాన్ని తీసి, వెనక డప్పు వాయిద్యం తగిలించి, రీలు చేసి వదిలాడు. ఇప్పుడు ఊళ్ళో కూరగాయలమ్మే ఆవిడ కూడా అతన్ని చూసి బొటనవేలు చూపించి నవ్వుతోందట.

ఇదంతా మేం కూడా నవ్వుకుంటూ విన్నాం. ఆ తర్వాతది నవ్వే విషయం కాదు. క్లాసులో గానీ ల్యాబులో గానీ ఫోనుతో మూడుసార్లు దొరికినవాణ్ణి హాస్టలు నుంచి పంపెయ్యాలని ప్రిన్సిపాలు రూలు పెట్టాడు. ఆ పేర్ల లిస్టు సోమవారం పది గంటలకు ఓబులేసు సంతకంతో ఆయన టేబులు మీద ఉండాలి. లిస్టులో ఉన్నది ఒక్కటే పేరు, లోహిత్. మొదటి సంవత్సరంలో కెమిస్ట్రీలో కాలేజీకే మొదటివాడు. మూడోసారి దొరికింది ల్యాబులో. ఫ్లాస్కులో చుక్క చుక్క వేస్తూ రంగు మారగానే ఆపాల్సినవాడు, ఒడిలో ఫోను చూస్తూ, రంగు ముదిరి గాజంతా ఎర్రబడినా చూసుకోలేదు. వాళ్ళది కొండపక్క పల్లె. పొద్దున ఒక బస్సు. అది టౌను చేరేసరికి రెండు పీరియడ్లు అయిపోతాయి. వాడికి హాస్టలు పోతే చదువు పోయినట్టే.

“ఎందుకురా అంటే ‘అందరూ ఉంటారు కదా సార్’ అన్నాడు సామీ. ఇంకేం చెప్పలా. నా చేత్తో వాణ్ణి ఇంటికి పంపల్లంటే నాకు అన్నం దిగడం లేదు” అన్నాడు ఓబులేసు.

సామి చివరి చిక్కుడుకాయ గిన్నెలో వేశారు. “ఈ పూట పెరుగు బకెట్టు నువ్వు ఎత్తుకో” అన్నారు. ఓబులేసు నా వంక చూశాడు. నేను నా చారు బకెట్టు చూపించాను.

మా మఠంలో ఆరాధన భోజనానికి ఒక పద్ధతుంది. పంచలో నలభై రెండు ఆకులు పడతాయి. అందరూ ఒకేసారి మొదలుపెడతారు, ఒకేసారి లేస్తారు. పక్కవాడు తింటుండగా లేచిపోతే వాణ్ణి ఆకు ముందు అవమానించినట్టు. అందరివీ అయ్యాక కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు “లేస్తామా?” అంటారు. మిగిలినవాళ్ళు “లేస్తాం” అని ఆకులు తమవైపు మడిచి లేస్తారు. ఆ ఒక్కరూ ఎవరైనా కావచ్చు. కానీ ఏళ్ళ తరబడి ఆ మాట సామే అంటూ వస్తున్నారు గనక, అది తమ నోటితో అనవచ్చునన్న సంగతే జనం మరిచిపోయారు.

ఆ రోజు చిత్రాన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర, బక్షాలనే బొబ్బట్లు. బక్షాల మీద నెయ్యి ధారాళంగా పడింది. నా చారు తిరిగింది, ఓబులేసు పెరుగు రెండుసార్లు తిరిగింది. ఒంటిగంటన్నరకు అందరికీ అయిపోయింది. వడ్డించేవాడికి ఆకులు చూస్తే తెలిసిపోతుంది. సామి ఆకు కడిగినట్టు మెరుస్తోంది. అయినా ఆయన “లేస్తామా” అనలేదు. చెయ్యి ఆకు మీద పెట్టుకుని వేపచెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

పావుగంట గడిచింది. బయట ఎండలో రెండో బంతి జనం, ఆడవాళ్ళూ చంటిపిల్లలూ, నిలబడి ఉన్నారు. లోపల నలభై రెండు ఎంగిలి చేతులు ఎండిపోతున్నాయి. ఒకాయన ఆకు మీద గీతలు గీస్తున్నాడు. ఒకాయన ఉప్పుకుప్పను వేలితో చదును చేసి మళ్ళీ కుప్ప పోస్తున్నాడు. ఇంకొకాయన ఊరగాయ టెంకను ఇంకా చీకుతున్నాడు. అందులో రసమనేది పోయి చాలాసేపయింది. నేను బకెట్టుతో ముందు నుంచి పోతే చాలు, “ఒక గరిటె పొయ్యి” అంటున్నారు. పోస్తే తాగరు. చెయ్యి ఊరికే ఉండటం చాతగాక అడుగుతున్నారంతే. మధ్యమధ్య ప్రతివాడూ పక్కవాడి ఆకులోకి ఓరగా చూస్తున్నాడు. పక్కవాడు ఇంకా కూర్చునే ఉన్నాడు గనక తనూ కూర్చుంటున్నాడు.

ఓబులేసుకు పట్టపగలే చుక్కలు కనబడ్డాయి. బయట పిల్లల ఏడుపు ఒకవైపు, లోపల ఈ కదలని బంతి ఒకవైపు. బకెట్టు కింద పెట్టి, పంచ నడుమ నిలబడి, హాస్టలు గొంతుతో అన్నాడు: “అయినోళ్ళు లెయ్యచ్చండీ! బయట జనం కాసుకోనుండారు.”

నేను కళ్ళు మూసుకున్నాను. మా వైపు ఇలాంటి మాట నిలబడ్డవాడు కూర్చున్నవాళ్ళతో అనకూడదు. విస్తరి ముందు కూర్చున్న మనిషిని లెమ్మనడమంటే మెడ పట్టి గెంటడమే. చదువుకున్నవాడు, పైగా మంచి మనసుతో అన్నాడు. కానీ మాట మనసులోంచి కాదు, గొంతులోంచి వచ్చింది.

కొండారెడ్డి గారని, కుందూ అవతలి ఊరి పెద్దాయన, డెబ్బై దాటినవాడు, అప్పటికే ఆకు పైసగం మడిచి ఉన్నాడు. ఆయన ఆ మడత విప్పాడు. అరచేత్తో ఆకు చదును చేశాడు.

“అన్నం పెట్టి లెయ్యమంటాడేందబ్బా ఈయప్ప? ఇట్ల రా నాయనా. ఆ పెరుగు ఇట్ల పొయ్యి. ముందు అన్నం తెప్పీ.”

అన్నం వచ్చింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం చూస్తే జాలేసింది. మందు మింగుతున్నవాడి మొహం అది. కానీ పంతం పంతమే. ఆయన్ను చూసి ఇంకో ఆరుగురు ఆకులు విప్పారు. బక్షాలింకా ఉన్నాయా అని ఒకరు అడిగారు. ఉన్నాయి, వచ్చాయి. పావుగంట ముందే లేవాల్సిన బంతి మళ్ళీ మొదటికొచ్చింది. నా చారు మూడోసారి పొయ్యెక్కింది. ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. సామి దగ్గరకు పోయి వంగి, “మీరన్నా చెప్పండి సామీ, వీళ్ళకు ఆకలి లేదు, ఊరికే కూర్చున్నారు” అన్నాడు.

“నువ్వు తిన్నట్టు లేదే” అన్నారు సామి. కొండారెడ్డి గారి పక్కన సర్దుకుంటే ఇంకో ఆకుకు చోటుంది. అటు చూపించారు.

ఓబులేసు కూర్చున్నాడు. నేను ఆకు వేసి ఇంత అన్నం, ఇంత చారు వడ్డించాను. అతను తల వంచుకుని తినసాగాడు. ఒక నిమిషం కొండారెడ్డి గారు అటు చూడలేదు. తర్వాత తన ఆకులో బక్షం ముక్క ఒకటి తుంచకుండా పక్కకు నెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

“నెయ్యి యేపిచ్చుకో నాయనా. ఉత్త చారేం తింటావు?” ఇంకాసేపాగి, “నాకు ఎప్పుడో అయిపోయింది. మోకాళ్ళు పీకతా ఉండాయి. ఒక్కన్నే ఎట్ల లేసేది చెప్పు? వీళ్ళంతా తింటా ఉంటిరి” అన్నాడు.

ఆయనకవతల కూర్చున్న అంగడి వెంకటసుబ్బయ్య మెడ సాచాడు. “నేనేడ తింటి? మీరు పెద్దోళ్ళు కూర్చోనుండారని నేను కూర్చుంటి.”

“నేను నిన్ను చూసి కూర్చుంటినప్పా” అన్నాడు అతని అవతలివాడు.

ఆ మాట అలా వరస చివరిదాకా పాకింది. ఎదుటి వరసలోకి కూడా పోయింది. నలభై రెండుమందీ ఒకరికోసం ఒకరు కూర్చున్నారు. తనకోసం కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. జనం నవ్వడం మొదలుపెట్టారు గానీ, నవ్వుతూ కూడా కూర్చునే ఉన్నారు.

ఓబులేసు నాలుగు ముద్దలు తిన్నాడు. ఆకు తనవైపు మడిచాడు. కొండారెడ్డి గారి మొహంలోకి చూసి, పక్కవాడికి మాత్రమే వినబడేంత గొంతుతో అడిగాడు. “లేస్తామా పెద్దాయనా?”

“లేస్తాం పద!” అన్నాడు ఆయన. వెంటనే పంచంతా “లేస్తాం” అంది. అందరికంటే ముందు కొండారెడ్డి గారే లేచాడు, ఓబులేసు భుజం ఆసరా చేసుకుని. రెండు నిమిషాల్లో పంచ ఖాళీ అయింది. రెండో బంతికి నీళ్ళు చల్లడం మొదలైంది.

కుళాయి దగ్గర సామి చెయ్యి కడుక్కుంటుంటే ఓబులేసు చెంబు పట్టుకున్నాడు. తన ప్రశ్న సంగతి మళ్ళీ అడగడానికి మొహమాటపడుతున్నాడు. సామే అడిగారు.

“ఆ బంతిలో ఆకలిగొని కూర్చున్నోడు ఒకడన్నా ఉన్నాడా?”

“లేడు సామీ.”

“నువ్వు నిలబడి లెయ్యమన్నప్పుడు లేసినోడు?”

“లేడు.”

సామి తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని లోపలికి పోయారు. ఓబులేసు ఖాళీ చెంబు కుళాయి పక్కన పెట్టి, సాయంత్రం బస్సు కోసం ఆగకుండా ఎవరిదో మోటారు సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది అతను నాకు ఫోనులోనే చెప్పాడు, అది వేరే సంగతి. పొద్దు గుంకే వేళకు లోహిత్ ఉండే పదకొండో నంబరు గదికి పోయాడట. ఆరు మంచాలు, ఆరుగురు పిల్లలు, ఆరు ఫోన్లు. మామూలుగా అయితే తలుపు మీద కర్రతో కొట్టి వెళ్తాడు. ఆ రోజు చెప్పులు బయట విడిచి, లోహిత్ ట్రంకుపెట్టెకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. పిల్లలు ఫోన్లు దిండ్ల కింద దోపారు. ఓబులేసు తన ఫోను తీశాడు. రోజుకు ఎంతసేపు చూశామో చూపించే పేజీ ఒకటుంటుంది కదా, అది తెరిచి లోహిత్ చేతికిచ్చాడు.

“నాలుగు గంటల పది నిమిషాలు!” అన్నాడు లోహిత్. “మీరు కూడానా సార్?”

“మీరు చేసిన రీలుకు ఎన్ని లైకులొచ్చినాయో చూసేదానికే అర్ధగంట పోతాంది” అన్నాడు ఓబులేసు.

ఆరుగురూ పడీపడీ నవ్వారట. ఆ రీలు చేసినవాడు వాళ్ళలోనే ఉన్నాడని ఆ నవ్వులోనే తేలిపోయింది. ఓబులేసు దాన్ని పట్టించుకోలేదు. నవ్వు తగ్గాక లోహిత్ నెమ్మదిగా చెప్పాడు. “నేను రెండుసార్లు మానేసినా సార్. యాప్‌లు మొత్తం తీసేసినా. పొద్దున క్లాసులో అందరూ ఏందో అనుకోని నవ్వుతా ఉంటారు. నాకు అర్థం కాదు. గోడ చూస్తా కూర్చుండల్ల. మూడో రోజు మళ్ళీ పెట్టుకుంటి.” ఎదుటి మంచం మీదివాడు లేచి కూర్చుని, “నువ్వు రాత్రి దాంట్లో ఉంటావనే కదరా నేను కూడా ఉండేది!” అన్నాడు. మిగిలిన నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటకు నవ్వు రాబోయి తనకు ఏడుపొచ్చిందని ఓబులేసు తర్వాత ఒప్పుకున్నాడు.

అక్కడే ఒక ఏర్పాటు కుదిరింది. ఏడు నుంచి తొమ్మిది వరకు ఫోన్లు కిటికీ గూట్లో పెడతారు. తాళం లేదు, పెట్టె లేదు. కావాలనుకున్నవాడు తీసుకోవచ్చు, కానీ తీసుకునేటప్పుడు మిగిలినవాళ్ళకు చెప్పి తీసుకోవాలి. “అందరమూనా సార్?” అని లోహిత్ అడిగాడు. “అందరం” అని ఓబులేసు తన ఫోను ముందుగా పెట్టాడు. ఆ రెండు గంటలూ అదే గదిలో నేల మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకున్నాడు. మధ్యలో ఏడుసార్లు తన చెయ్యి చొక్కా జేబులోకి పోయిందని లెక్కపెట్టుకున్నాడు. పిల్లలు కూడా లెక్కపెట్టారు. వాళ్ళ లెక్కలో తొమ్మిది వచ్చింది.

సోమవారం పది గంటలకు లిస్టు ప్రిన్సిపాలు టేబులు మీద ఉంది. అందులో రెండు పేర్లున్నాయి. మొదటిది ఓబులేసు, వార్డెను. రెండోది లోహిత్. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి, ఇదేం ఎగతాళి అని అడిగాడు.

“ఎగతాళి కాదు సార్. మూడుసార్లు దొరికినోళ్ళ పేర్లు రాయమంటిరి. నన్ను పట్టుకునేవాళ్ళు లేరు గానీ, నాకు నేను రోజూ దొరుకుతాను. పంపిస్తే ఇద్దర్నీ పంపండి.”

ప్రిన్సిపాలు చెడ్డవాడేమీ కాదు. అలాంటి లిస్టును ఏ ఫైల్లో పెట్టాలో తెలియని మనిషి. నెల గడువిచ్చాడు. ఆ నెలలో లోహిత్ సన్యాసి అయిపోలేదు. ఒక క్రికెట్ మ్యాచ్ నాడు చెప్పాపెట్టకుండా ఫోను తీసుకుని డాబా ఎక్కాడు. గదిలో వాళ్ళే వెళ్ళి పిలుచుకొచ్చారు. కానీ క్లాసులు తప్పలేదు, ల్యాబులో మళ్ళీ దొరకలేదు. నెల చివర ప్రిన్సిపాలు లిస్టు చించి బుట్టలో వేశాడు. లోహిత్ హాస్టల్లోనే ఉన్నాడు. పదకొండో గదిని చూసి పన్నెండో గది, ఆ తర్వాత మేడ మీద మూడు గదులు కిటికీ గూళ్ళు ఖాళీ చేసుకున్నాయి. ముప్పై మందయ్యారు.

ఈ కబురంతా మోసుకుని ఓబులేసు మళ్ళీ మఠానికి వచ్చాడు. ఈసారి మొహం వెలుగుతోంది. సామి నూలు కండె చుడుతూ విన్నారు. ఎక్కడా మెచ్చుకోలేదు. అంతా అయ్యాక ఓబులేసు మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. వచ్చిన అసలు పని అప్పుడు బయటపెట్టాడు.

“ముప్పై మంది సరే సామీ. ఇంకా ముప్పై నలుగురుండారు. పిలిచినా రారు. గది తలుపేసుకుంటారు. వాళ్ళను ఏం చెయ్యల్ల?”

సామి పోగు తెగకుండా కండె ఆపారు.

“పోయి చూడు,” అన్నారు, “వాళ్ళ పక్కన చోటుందేమో.”